జ్యూస్ పర్సిస్ట్‌తో రెండేళ్ల కాపురం

ముందు పేరు సంగతి తేల్చేస్తాను. ఇంగ్లిష్‌లో జీతో మొదలయ్యే ఆ అయిదక్షరాల జావా లైబ్రరీని (Guice) పలకాల్సింది "జ్యూస్" అనే. మా టీమ్‌లో ఒకరు గైస్ అంటారు, ఇంకొకరు గ్వీస్ అంటారు. కోడ్ రివ్యూలో ముగ్గురం మూడు రకాలుగా పలుకుతూ ఒకే దాని మీద గొడవపడుతుంటాం. అసలు ఈ రివ్యూ జ్యూస్ గురించి కూడా కాదు. దానికి తోకలా ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, జ్యూస్ పర్సిస్ట్ అని. డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్‌కీ (ఆబ్జెక్ట్‌లను తయారుచేసి, అవసరమైన క్లాసులకు అందించేది, జ్యూస్ చేసేది ఆ పనే) డేటాబేస్‌కీ ముడివేసే చిన్న లైబ్రరీ. రెండేళ్లుగా రోజూ దానితోనే నా పని. మెచ్చుకున్న రోజులున్నాయి, తిట్టుకున్న రాత్రులూ ఉన్నాయి. తిట్టుకున్న రాత్రుల్లో చాలావాటికి తప్పు మాదేనని తర్వాత తెలిసింది. అవీ చెబుతాను.

నేను జావా రాయడం మొదలుపెట్టి పన్నెండేళ్లు. అందులో తొమ్మిదేళ్లు స్ప్రింగ్‌లోనే గడిచాయి, జ్యూస్ పనితో పాటు ఇంకా ఎన్నో చేసే పెద్ద ఫ్రేమ్‌వర్క్ అది. రెండేళ్ల కిందట ఒక పాత ప్రోగ్రామ్ నా నెత్తిన పడింది. రాత్రిపూట ఫైళ్లు వస్తాయి, అది వాటిని చదివి, సరిచూసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెడుతుంది. వెబ్ పేజీలు లేవు. వైరింగ్, అంటే ఏ ఆబ్జెక్ట్ ఎవరికి అందాలో కలిపే కోడ్, మొత్తం జ్యూస్‌తో శుభ్రంగా ఉంది, ఎవరో పని తెలిసినవాళ్లే రాశారు. డేటాబేస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా చేత్తో రాసిన జేడీబీసీ, జావా నుంచి డేటాబేస్‌తో నేరుగా మాట్లాడే పద్ధతి. కనెక్షన్ తెరువు, స్టేట్‌మెంట్ కట్టు, రిజల్ట్‌సెట్‌లోంచి ఒక్కో కాలమూ ఏరు, మూసెయ్. ఇదే మంత్రం అరవై చోట్ల. నాలుగైదు చోట్ల ఆ "మూసెయ్" రాయడం మర్చిపోయారు కూడా. దీన్ని హైబర్నేట్ మీదికి మార్చాలనుకున్నాం, టేబుల్ రికార్డులను జావా ఆబ్జెక్టులుగా మార్చిపెట్టే లైబ్రరీ అది. మొత్తం స్ప్రింగ్‌లోకి తరలిద్దామా అని ఒక వారం ఊగిసలాడి, నడుస్తున్న వైరింగ్‌ను ఎందుకు పీకడమని జ్యూస్ పర్సిస్ట్ తెచ్చుకున్నాం.

ఈ రెండింటినీ కలపడం ఎందుకంత చిక్కో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. కంటైనర్ స్వభావం ఒకటి: ఆబ్జెక్ట్‌లను తయారుచేసి, కావలసినవాళ్లకు చేతికందించడం. సింగిల్టన్ (అందరికీ కలిపి ఒక్కటే ఉండే ఆబ్జెక్ట్) అయితే ప్రోగ్రామ్ మొదలైనప్పుడు పుట్టి, ఆగినప్పుడే పోతుంది. డేటాబేస్ వైపు స్వభావం వేరు. ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ బరువైనది, ప్రోగ్రామ్‌కి ఒకటి చాలు, అది సింగిల్టన్‌గా ఉండొచ్చు. దానిలోంచి పుట్టే ఎంటిటీ మేనేజర్, అంటే రికార్డులను తెచ్చి, దాచే ఆబ్జెక్ట్, మాత్రం అల్పాయుష్కురాలు. ఒక పని కోసం పుట్టి, ఆ పని కాగానే పోవాలి. పైగా అది థ్రెడ్‌సేఫ్ కాదు, ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు థ్రెడ్లు దాన్ని పంచుకోకూడదు. చిరంజీవి అయిన సర్వీస్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లోకి ఈ అల్పాయుష్కురాలిని ఇంజెక్ట్ చేశామనుకోండి, సర్వీస్ బతికున్నంతకాలం ఆ ఒక్క మేనేజర్నే పట్టుకుని వేలాడుతుంది. స్ప్రింగ్ ఇక్కడ ఒక కనికట్టు చేస్తుంది. మనకిచ్చేది అసలు ఎంటిటీ మేనేజర్ కాదు, ఒక ప్రాక్సీ, దాని వేషం వేసుకున్న ప్రతినిధి. మనం పిలిచిన ప్రతిసారీ అది ఆ సమయానికి నడుస్తున్న ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్న మార్పుల కట్ట) తాలూకు అసలు మేనేజర్‌ను వెతికిపట్టుకుంటుంది. జ్యూస్ పర్సిస్ట్‌లో అలాంటి ముసుగు లేదు, అసలుదే చేతిలో పెడుతుంది. అందుకే సింగిల్టన్లలో ఎంటిటీ మేనేజర్‌ను కాకుండా దాని ప్రొవైడర్‌ను ఇంజెక్ట్ చేసుకుని, కావలసినప్పుడల్లా గెట్ అని అడగాలి. మొదటి వారంలో ఇది చాదస్తంగా అనిపించింది. తర్వాత ఇదే నచ్చింది. కోడ్ చదివితే "ఇక్కడ కొత్తగా అడుగుతున్నాం" అని కంటికి కనిపిస్తుంది కదా.

దీని వంశవృక్షం కూడా కాస్త చూద్దాం. హైబర్నేట్ 2001లో గావిన్ కింగ్ మొదలుపెట్టింది. డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు స్థిరపడింది 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో. అదే ఏడాది స్ప్రింగ్ 1.0 వచ్చింది. హైబర్నేట్ లాంటివాటికి ఉమ్మడి జావా ప్రమాణమైన జేపీఏ 2006లో జావా ఈఈ 5తో పాటు వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లతో అందరూ విసిగి ఉన్న 2007లో బాబ్ లీ చేతిమీదుగా గూగుల్ నుంచి జ్యూస్ 1.0 విడుదలైంది. వైరింగ్ మొత్తం జావా కోడ్‌లోనే, అనొటేషన్లతోనే, అంటే కోడ్‌కి అంటించే చిన్న గుర్తులతోనే. డేటాబేస్ ముడి మొదట్లో అందులో లేదు. ధన్‌జీ ప్రసన్న రాసిన వార్ప్ పర్సిస్ట్ అనే బయటి లైబ్రరీ ఆ పని చేసేది. 2011లో 3.0 వచ్చినప్పుడు దాన్నే ఇంట్లోకి తెచ్చుకుని జ్యూస్ పర్సిస్ట్ చేశారు. అప్పటి పోకడలు ఇప్పటికీ దీని ఒంటి మీద కనిపిస్తాయి.

పెట్టుకోవడం చాలా తేలిక. పర్సిస్టెన్స్ ఎక్స్‌ఎంఎల్‌లో ఒక యూనిట్‌కి పేరు పెట్టాలి. జేపీఏ పర్సిస్ట్ మాడ్యూల్‌కి ఆ పేరు చెప్పి, ఆ మాడ్యూల్‌ను మిగతా మాడ్యూళ్ల పక్కన నిలబెట్టాలి. అంతే. కాదు, ఇంకొకటుంది, అందరూ తప్పకుండా మర్చిపోయేది: పర్సిస్ట్ సర్వీస్‌ను మనమే ఒకసారి స్టార్ట్ చెయ్యాలి. ఇంజెక్టర్ తయారవగానే డేటాబేస్ కూడా లేచి కూర్చుంటుందని నేను అనుకున్నాను. స్ప్రింగ్ బూట్ అలవాటు మరి, అక్కడ అన్నీ వాటంతటవే లేస్తాయి. ఇక్కడ మొదటి క్వెరీకే ప్రోగ్రామ్ బోర్లాపడింది. మందు చిన్నదే. కన్‌స్ట్రక్టర్‌లో పర్సిస్ట్ సర్వీస్ తీసుకుని స్టార్ట్ పిలిచే ఒక చిన్న క్లాస్ రాసి, దాన్ని ఈగర్ సింగిల్టన్‌గా కట్టేస్తే సరి. మా దాంట్లో ఆ క్లాస్ మొత్తం పదకొండు లైన్లు. మూసేటప్పుడు స్టాప్ పిలవడం కూడా దాని పక్కనే రాసుకున్నాం.

ఇక దీని గుండెకాయ, ట్రాన్సాక్షనల్ అనొటేషన్. ఒక మెథడ్ మీద అది పెడితే, ఆ మెథడ్ చుట్టూ ఒక ఇంటర్‌సెప్టర్ కాపలా కూర్చుంటుంది. ఈ లైబ్రరీ మీద నాకు ప్రేమ పుట్టించింది ఆ ఇంటర్‌సెప్టర్ సోర్సే. ఒక మధ్యాహ్నం కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. ఈ థ్రెడ్‌లో పని (లైబ్రరీ భాషలో యూనిట్ ఆఫ్ వర్క్, ఒక ఎంటిటీ మేనేజర్ తెరిచి ఉండే వ్యవధి) ఇప్పటికే మొదలైందా అని చూస్తుంది, లేకపోతే తనే మొదలుపెట్టి, "నేను మొదలుపెట్టాను" అని గుర్తు పెట్టుకుంటుంది. ట్రాన్సాక్షన్ ఇప్పటికే నడుస్తుంటే ఊరికే మెథడ్‌ను పిలిచి తప్పుకుంటుంది. లేకపోతే తెరిచి, మెథడ్‌ను నడిపి, బాగా జరిగితే కమిట్ చేసి మార్పులను ఖాయం చేస్తుంది, బెడిసికొడితే రోల్‌బ్యాక్ చేసి వాటిని వెనక్కి తీసుకుంటుంది. చివర్లో, తను మొదలుపెట్టినదైతేనే ఎంటిటీ మేనేజర్‌ను మూస్తుంది. అంతకుమించి రహస్యం లేదు. తొమ్మిదేళ్లు స్ప్రింగ్ వాడి కూడా దాని ట్రాన్సాక్షన్ కోడ్‌ను నేను ఇలా మొదటి నుంచి చివరిదాకా ఏనాడూ చదవలేదు.

స్ప్రింగ్ వాళ్లను ఏళ్ల తరబడి ఏడిపించిన ఒక ముల్లు కూడా ఇక్కడ లేదు. స్ప్రింగ్ మామూలు పద్ధతిలో ప్రాక్సీ బయట ఉంటుంది, అసలు ఆబ్జెక్ట్ లోపల ఉంటుంది. ఒక క్లాస్‌లోని మెథడ్ అదే క్లాస్‌లోని ఇంకో ట్రాన్సాక్షనల్ మెథడ్‌ను పిలిస్తే ఆ పిలుపు లోపల్లోపలే జరిగిపోతుంది, ప్రాక్సీకి కబురే అందదు, ట్రాన్సాక్షన్ తెరుచుకోదు. జ్యూస్ అలా కాదు. మన క్లాస్‌కి బైట్‌కోడ్‌తో ఒక సబ్‌క్లాస్ పుట్టించి, దాన్నే ఆబ్జెక్ట్‌గా ఇస్తుంది. కాబట్టి సొంత మెథడ్‌ను పిలుచుకున్నా ఇంటర్‌సెప్టర్ గుండానే వెళ్తుంది. ఇది తెలిసిన రోజు స్ప్రింగ్‌లో ఈ ముల్లు కోసమే విడదీసిన క్లాసులు ఎన్ని రాశానో లెక్కపెట్టుకుని నవ్వుకున్నాను.

సబ్‌క్లాస్ పద్ధతికి దాని షరతులు దానికున్నాయి. క్లాస్ ఫైనల్ కాకూడదు, మెథడ్ ఫైనల్ కాకూడదు, ప్రైవేట్ కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఆబ్జెక్ట్‌ను జ్యూసే తయారుచేసి ఉండాలి. ప్రొవైడ్స్ అని గుర్తు పెట్టిన మెథడ్‌లో ఆబ్జెక్ట్‌ను మనమే న్యూ కొట్టి తిరిగిచ్చామా, అనొటేషన్ అలంకారానికి మిగులుతుంది. ఈ షరతు తప్పితే ఎవరూ అరవరు. చాప కింద నీరులా జరిగిపోతుంది. అనొటేషన్ కంటికి ఎదురుగా ఉన్నప్పుడు అది పనిచెయ్యట్లేదన్న అనుమానం ఎవరికైనా ఎందుకొస్తుంది?

అనుమానం రాకపోవడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కొత్తగా చేరిన కుర్రాడు ఒక సాయంత్రం వచ్చాడు. "అక్కా, రికార్డు పడట్లేదు. కానీ ఐడీ వస్తోంది." లాగ్ చూపించాడు. నిజమే, 4512 అని ఐడీ అచ్చయి ఉంది. టేబుల్‌లో చూస్తే 4511 తర్వాత ఏమీ లేదు. ఎక్సెప్షన్ లేదు, వార్నింగ్ కూడా లేదు. మళ్లీ నడిపితే 4513 అంది, అదీ లేదు. అరగంట డేటాబేస్‌నే అనుమానించాం, వేరే స్కీమాలో పడుతోందేమోనని వెతికాం. చివరికి నేను ఫైలు పైకి జరిపి ఇంపోర్ట్‌లు చూశాను. ట్రాన్సాక్షనల్ అన్న పేరుతో జావా లోకంలో కనీసం మూడు అనొటేషన్లు ఉన్నాయి: జకార్తా (జావా ఈఈకి ఇప్పటి పేరు) వాళ్లది ఒకటి, స్ప్రింగ్‌ది ఒకటి, జ్యూస్ పర్సిస్ట్‌ది ఒకటి. ఎడిటర్ తనంతట తనే జకార్తాది తెచ్చిపెట్టింది. జ్యూస్ పర్సిస్ట్ తన సొంత అనొటేషన్‌ను తప్ప వేరేదాన్ని గుర్తించదు. ట్రాన్సాక్షన్ తెరుచుకోలేదు. పర్సిస్ట్ అనగానే హైబర్నేట్ సీక్వెన్స్ నుంచి నంబర్ తెచ్చి ఆబ్జెక్ట్‌కి అంటించింది, ఇన్సర్ట్‌ను మాత్రం కమిట్ సమయానికని పక్కన పెట్టుకుంది. ఆ కమిట్ ఎప్పటికీ రాలేదు. నంబర్ ఖర్చయింది, రికార్డు పుట్టలేదు. ఆ మర్నాడే బిల్డ్‌లో ఒక నియమం పెట్టాం: ఆ జకార్తా ఇంపోర్ట్ ఎక్కడ కనిపించినా బిల్డ్ ఆగిపోవాలి. మీరు స్ప్రింగ్ నుంచి వస్తుంటే ఈ నియమం మొదటిరోజే పెట్టుకోండి.

రోల్‌బ్యాక్ లెక్క ఇంకొకటి. మెథడ్ లోపల ఏ ఎక్సెప్షన్ వచ్చినా రోల్‌బ్యాక్ అవుతుందని నేను చాలాకాలం నమ్మాను, స్ప్రింగ్ వాడినన్నాళ్లూ కూడా. అది తప్పు. రెండింటిలోనూ మామూలుగా రోల్‌బ్యాక్ తెప్పించేది రన్‌టైమ్ ఎక్సెప్షన్. చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోమనో, ప్రకటించమనో కంపైలర్ పట్టుబట్టే రకం) వస్తే అది పైకి వెళ్తుంది, ట్రాన్సాక్షన్ మాత్రం కమిట్ అవుతుంది! మా ప్రోగ్రామ్ ఫైళ్లు చదివేది కదా, ఫైలు సగంలో తెగిపోతే వచ్చేది ఐఓ ఎక్సెప్షన్, అది చెక్డ్. ఒక రాత్రి 9,000 లైన్ల ఫైలు దాదాపు సగం దగ్గర తెగింది. చదివిన సగం బుద్ధిగా కమిట్ అయి కూర్చుంది. పొద్దున్న మొత్తం ఫైలు మళ్లీ పంపితే ఆ సగం రెండోసారి పడింది. ఆ రోజంతా నకిలీ రికార్డులు ఏరడంతోనే సరిపోయింది. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి స్పష్టంగా రాసే ఉంది, మేమే చదవలేదు. ఇప్పుడు ఫైలు ముట్టుకునే ప్రతి మెథడ్ మీదా ఏ ఎక్సెప్షన్‌కైనా రోల్‌బ్యాక్ చెయ్యమని అనొటేషన్‌లోనే రాసేశాం.

ట్రాన్సాక్షన్‌లో ట్రాన్సాక్షన్ కావాలంటే మాత్రం ఈ లైబ్రరీ చేతులెత్తేస్తుంది. లోపలి మెథడ్ బయటి ట్రాన్సాక్షన్‌లో కలిసిపోవడం ఒక్కటే దానికి తెలుసు. స్ప్రింగ్‌లో ప్రాపగేషన్ అని ఏడు రకాలున్నాయి, "కొత్తది తెరువు" అన్నది వాటిలో ఒకటి. మాకు దాని అవసరం పడింది. ఫైలు ప్రాసెసింగ్ విఫలమై అంతా వెనక్కి పోయినా, "ఈ ఫైలు ఇక్కడ విఫలమైంది" అన్న ఒక్క రికార్డు మాత్రం మిగలాలి. జ్యూస్ పర్సిస్ట్‌లో అది ఉన్నపళంగా కుదరదు. ఫ్యాక్టరీని ఇంజెక్ట్ చేసుకుని, చేత్తో వేరే ఎంటిటీ మేనేజర్ తెరిచి, రాసి, మూసే పాతకాలం కోడ్ రాసుకున్నాం. ఇంకో తేడా కూడా గమనించాలి. లోపలి ట్రాన్సాక్షనల్ మెథడ్ ఎక్సెప్షన్ విసిరి, బయటిది దాన్ని పట్టుకుని మింగేస్తే, స్ప్రింగ్ అయితే ట్రాన్సాక్షన్ చెడిందని గుర్తు వేసి చివర్లో కమిట్ చెయ్యనివ్వదు. ఇక్కడ కలిసిపోయిన లోపలి మెథడ్‌కి ఏ హక్కూ లేదు, దాని మీద రాసిన రోల్‌బ్యాక్ నియమాన్ని ఎవరూ చూడరు. బయటిది హాయిగా కమిట్ చేసేస్తుంది.

ఇప్పుడు అసలు కథ. మొదటి ఏడాది చివర్లో ఈ ప్రోగ్రామ్‌కి చిన్న అడ్మిన్ స్క్రీన్ తగిలించాం. ఫైళ్ల జాబితా, పక్కన వాటి స్థితి, అంతే. వారం తిరక్కుండానే వింత ఫిర్యాదు వచ్చింది: రిఫ్రెష్ కొడితే స్థితి మారుతోందట. మారడం సరే, వెనక్కి కూడా మారుతోందట! నేనే కూర్చుని కొట్టి చూశాను. "పూర్తయింది." మళ్లీ కొట్టాను. "నడుస్తోంది." మళ్లీ. "పూర్తయింది." ఇంకోసారి. "నడుస్తోంది." డేటాబేస్‌లో చూస్తే గంట కిందటే పూర్తయింది. బ్రౌజర్ క్యాష్ అన్నారొకరు, తీసేశాం, అదే తీరు. మధ్యలో ఏ క్యాషూ లేదు, డేటాబేస్‌కి రెప్లికా లేదు. రెండు రోజులు ఇలాగే గడిచాక లాగ్‌లో ప్రతి రిక్వెస్ట్ పక్కన థ్రెడ్ పేరు అచ్చు వేయించాను. అక్కడ దొరికింది. మూడో నంబర్ థ్రెడ్ ఎప్పుడు జవాబిచ్చినా "నడుస్తోంది" అంటోంది. అయిదోది ఎప్పుడూ "పూర్తయింది" అంటోంది. ఎవరి లోకం వాళ్లది.

కారణం ఇది. అప్పటికి మేము వాడుతున్నది పాత వెర్షన్. అందులో ప్రొవైడర్‌ను ఎంటిటీ మేనేజర్ అడిగితే, పని మొదలై ఉండకపోతే, అది నిశ్శబ్దంగా తనే మొదలుపెట్టి ఇచ్చేది. మొదలుపెట్టడం వరకే. ముగించేవాళ్లు ఎవరూ లేరు. ఊరికే చదివే మెథడ్‌కి ట్రాన్సాక్షనల్ ఎందుకులే అని మేము పెట్టలేదు. ఆ మేనేజర్ థ్రెడ్‌లోకల్‌లో, అంటే ఆ థ్రెడ్ సొంత అరలో, ఉండిపోయింది. థ్రెడ్లు పూల్‌లోవి, చావవు, అలాగే తిరిగొస్తుంటాయి. హైబర్నేట్ సెషన్ (ఎంటిటీ మేనేజర్‌కి హైబర్నేట్ పెట్టుకున్న పేరు) ఒకసారి చూసిన రికార్డును తన దగ్గర దాచుకుంటుంది. అదే ఐడీ మళ్లీ అడిగితే దాచుకున్నదే ఇస్తుంది. క్వెరీ పంపి తాజా రో తెచ్చినా సరే, ఆ ఐడీతో తన దగ్గర ఇదివరకే ఆబ్జెక్ట్ ఉంటే పాతదే చేతిలో పెడుతుంది. ప్రతి థ్రెడ్ తను మొదటిసారి చూసిన లోకాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అదే థ్రెడ్‌లో ట్రాన్సాక్షనల్ మెథడ్ ఏదైనా నడిచినా లాభం లేదు. ఇంటర్‌సెప్టర్ తను తెరిచినదాన్నే మూస్తుందని పైన చెప్పాను కదా, ముందే తెరిచి ఉన్నదాని జోలికి పోదు.

నేను దీన్ని పట్టుకుని దిద్దేలోపే రెండో దెబ్బ పడింది. ఆ మూయని మేనేజర్లు ఒక్కోటీ ఒక్కో కనెక్షన్‌ను కూడా పట్టుకుని కూర్చున్నాయి. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి అడిగినవాళ్లకు పంచేది హికారీ పూల్, దానికి మనం ఏమీ చెప్పకపోతే గరిష్ఠం 10 కనెక్షన్లు. మా దాంట్లో ఫైళ్ల థ్రెడ్లు 6, అడ్మిన్ థ్రెడ్లు 8. ఆరూ నాలుగూ పది అయ్యాక పదకొండో థ్రెడ్ కనెక్షన్ అడిగింది. సరిగ్గా 30 సెకన్లు ఎదురుచూసి, దొరకలేదని పడిపోయింది. ఆ 30 సెకన్లు కూడా హికారీ డిఫాల్టే. "పూల్ సైజు 50 చేసేద్దామా అక్కా" అని అడిగాడు మా కుర్రాడు. చేస్తే ఆ రాత్రికి గండం గడిచేది, జబ్బు మాత్రం దాక్కునేది. చెయ్యలేదు. హికారీలోనే లీక్ డిటెక్షన్ అని ఉంది. కనెక్షన్‌ను చెప్పిన సమయం కన్నా ఎక్కువసేపు పట్టుకున్న కోడ్ ఏదో స్టాక్ ట్రేస్‌తో సహా చూపిస్తుంది. అది పెట్టాక పది నిమిషాల్లో చదివే మెథడ్లు వరసగా బయటపడ్డాయి.

మందు రెండు రకాలు. వెబ్ వైపు పర్సిస్ట్ ఫిల్టర్ పెడితే ప్రతి రిక్వెస్ట్‌కీ పని తెరిచి, చివర్లో మూస్తుంది. మిగతా చోట్ల యూనిట్ ఆఫ్ వర్క్‌ను మనమే బిగిన్ చేసి, ఫైనల్లీలో ఎండ్ పిలవాలి. బిగిన్‌ను ఒకే థ్రెడ్‌లో రెండుసార్లు పిలిస్తే ఎక్సెప్షన్ విసురుతుంది, కాబట్టి ఎవరు తెరుస్తున్నారో క్రమశిక్షణ ఉండాలి. అందుకని దీన్ని ఒకే చోట, పని అప్పజెబితే తెరిచి, నడిపి, మూసే నలభై లైన్ల క్లాస్‌గా రాసి, బయట ఎవరూ బిగిన్ పిలవకూడదని కట్టడి చేశాం.

ఇది మా ఒక్కరి గోడే కాదు, లైబ్రరీ ఇష్యూల పట్టికలో ఏళ్ల తరబడి నానుతున్నదే. 2023లో వచ్చిన 6.0లో ఆ తీరే మార్చారు. ఎంటిటీ మేనేజర్ అడిగితే తనంతట తను పని మొదలుపెట్టదు, "ముందు బిగిన్ పిలువు" అని మొహం మీదే చెబుతుంది. పాత తీరే కావాలనుకునేవాళ్లకి ఒక ఆప్షన్ వదిలారు. మేము ఆ ఆప్షన్ జోలికి పోకుండా మారాం. మారిన రోజు టెస్టుల్లో ఏడు చోట్ల ఎర్రబడింది. ఆ ఏడూ లీక్ డిటెక్షన్ కంటికి కూడా దొరకకుండా దాక్కున్నవే. అదే నెలలో 7.0 కూడా వచ్చింది. తేడా పేర్లలో: 6.0లోని పర్సిస్ట్ పాత జావాఎక్స్ పేర్లతో నడుస్తుంది, 7.0 జకార్తా పేర్లతో నడుస్తుంది. హైబర్నేట్ 5 మీద ఉంటే 6.0 తీసుకోండి, హైబర్నేట్ 6కి వెళ్లాలంటే 7.0 కావాలి. ఈ జత తప్పితే వచ్చే ఎర్రర్లు చదివి మూలం పట్టడం దుర్లభం.

రెండు డేటాబేస్‌లు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. కుదురుతుంది, కానీ తలప్రాణం తోకకొస్తుంది. ఒక్కో డేటాబేస్‌ను ఒక్కో ప్రైవేట్ మాడ్యూల్‌లో దాచి, దాన్ని వాడే క్లాసుల్ని కూడా ఆ మాడ్యూల్ లోపలే కట్టి, బయటికి కావలసినవి మాత్రం ఎక్స్‌పోజ్ చెయ్యాలి. లోపల కట్టాల్సిన క్లాస్ ఒకటి బయట ఉండిపోయిందంటే మళ్లీ ఆ అలంకారపు అనొటేషన్ కథే. రెండు డేటాబేస్‌లనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టడం దీనివల్ల కాదు, ఒక్క డేటాబేస్ లోకల్ ట్రాన్సాక్షనే దీని హద్దు. మేము రెండో డేటాబేస్‌ను మళ్లీ చేత్తో రాసే జేడీబీసీకే వదిలేశాం, సిగ్గేమీ లేదు.

డైనమిక్ ఫైండర్లని ఒక సౌకర్యం ఉంది, ఇంటర్‌ఫేస్ మెథడ్ మీద క్వెరీ రాస్తే చాలంటుంది. స్ప్రింగ్ డేటా చూసిన కంటికి అది ఆనదు. రెండుసార్లు వాడి మానేశాను. టెస్టుల విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు. కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ కాబట్టి సగం టెస్టులకు కంటైనరే అక్కర్లేదు, మిగతా సగానికి ఒక మాడ్యూల్‌ను ఇంకోదానితో ఓవర్‌రైడ్ చేసి టెస్ట్ డేటాబేస్ వైపు తిప్పుతాం. అయితే జ్యూస్ తేలిక కదా, ప్రోగ్రామ్ రెప్పపాటులో లేస్తుందనుకుంటే పొరపాటు. లేవడానికి పట్టే సమయంలో సింహభాగం హైబర్నేట్‌దే, దాన్ని ఏ కంటైనర్లో పెట్టినా అంతే.

స్ప్రింగ్‌ను మరీ ఆకాశానికెత్తినట్టు అనిపిస్తే ఒక మాట. స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనేది మనం ఆపకపోతే వెబ్ రిక్వెస్ట్ మొత్తం సెషన్ తెరిచే ఉంచుతుంది. మొదలయ్యేటప్పుడు లాగ్‌లో ఒక వార్నింగ్ వేస్తుంది, దాన్ని ఏళ్ల తరబడి చూస్తూ దాటేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. దానికీ మా మూయని మేనేజర్లకీ దగ్గరి చుట్టరికమే. కాకపోతే అక్కడ రిక్వెస్ట్‌తో పాటైనా పోతుంది, మా దాంట్లో అదీ లేదు.

రేటింగ్ అడిగితే అయిదుకి మూడున్నర. 6.0కి ముందువైతే రెండుకి మించి ఇవ్వను. ఇప్పటికే జ్యూస్ మీద నడుస్తున్న ప్రోగ్రామ్, ఒకటే డేటాబేస్, ట్రాన్సాక్షన్లు సాదాసీదా, ఇలాగైతే కళ్లు మూసుకుని పెట్టుకోండి. సోర్స్ చదివే ఓపిక ఉంటే ఇంకా మంచిది. కొత్తగా మొదలుపెడుతూ, వెబ్ ప్రధానంగా, డజన్లకొద్దీ రిపోజిటరీలతో కట్టేదైతే దీని జోలికి రావద్దు, స్ప్రింగ్‌లోనే ఉండండి. వచ్చే నెల మాకు అలాంటిదే ఒకటి మొదలవుతోంది, దానికి నేను స్ప్రింగ్ బూటే అడిగాను. ఈ రాత్రి ఫైళ్ల ప్రోగ్రామ్‌ను మాత్రం కదపను. ఆ నలభై లైన్ల క్లాస్‌ను మా కుర్రాడికి అప్పజెప్పాను. దాని పైన వాడే ఒక కామెంట్ రాసుకున్నాడు: "ఇంపోర్ట్ చూసుకో."